కాలేయంలో దాగిన అంజీర: 'ఈగదో' అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఈమధ్య ఏ ఇంట్లో స్కానింగ్ రిపోర్టు తీసి చూసినా 'ఫ్యాటీ లివర్' అనే మాట కనిపిస్తోంది. గ్రేడ్ వన్ అట, పెద్ద టెన్షన్ పడక్కర్లేదట, నూనె తగ్గించమన్నారట. స్పెయిన్‌లోనూ మెక్సికోలోనూ ఇదే రిపోర్టు వస్తే 'ఈగదో గ్రాసో' అంటారు. ఈగదో అంటే కాలేయం, గ్రాసో అంటే కొవ్వు పట్టింది. ఇందులో ఒక తమాషా ఉంది. ఆ 'గ్రాసో' తగిలించక ముందే, ఈగదో అనే మాట పుట్టుకలోనే కొవ్వు ఉంది. రెండు వేల ఏళ్ల కిందట అది ఒక తిండి పదార్థం పేరు. పెద్దబాతులకు అంజీర పళ్లు మేపి, వాటి కాలేయానికి కావాలని కొవ్వు పట్టించి, కోసి వండుకునేవారు. ఆ కాలేయం పేరే ఇప్పుడు కోట్ల మంది ఒంట్లో ఉన్న అవయవం పేరు.

స్పానిష్ నేర్చుకునేవాళ్లకు ఈ సంగతి ఎక్కడో ఒకచోట తగులుతుంది. సగం విని 'ఈగదో అంటే అంజీర' అనుకునేవాళ్లు కొందరు, 'ఇదంతా ఎవరో అల్లిన కథ' అని కొట్టిపారేసేవాళ్లు కొందరు. రెండూ పొరపాటే. ఈగదో అంటే కాలేయమే, ఇంకేం కాదు. అది అంజీర నుంచి వచ్చిందన్నదీ నిజమే. ఎటొచ్చీ ఆ దారి తిన్నగా లేదు.

## ఒకే సంతలో రెండు దుకాణాలు

ముందు మాటలను పక్కపక్కన పెట్టి చూద్దాం. స్పానిష్‌లో అంజీర పండు 'ఈగో', కాలేయం 'ఈగదో'. (అవును, మనం రోజూ ఎదుటివాళ్లకు అంటగట్టే 'ఈగో'లాగే పలుకుతుంది. దానికీ దీనికీ చుట్టరికం లేదు.) రాసేటప్పుడు రెండిటికీ ముందు 'హ' అక్షరం ఉంటుంది కానీ పలకరు. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లు అక్షరాలు చూసి 'హిగాడో' అని చదివేస్తారు. పోర్చుగీసులో అంజీర 'ఫీగు', కాలేయం 'ఫీగదు'. పోర్చుగల్‌కు ఉత్తరాన ఉన్న గలీసియాలోనూ దాదాపు ఇంతే. స్పెయిన్ ఉత్తర తీరంలో అస్తూరియా వాళ్లు కాలేయాన్ని 'ఫేగదు' అంటారు, ఇక్కడ మొదటి అచ్చు 'ఈ' కాదు, 'ఏ'. ఆ తేడా గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక బార్సిలోనా వైపు వెళ్తే, కాటలాన్ భాషలో అంజీర 'ఫీగ', కాలేయం 'ఫెడ్జె'. అక్కడి పెద్ద మార్కెట్లలో తలకాయ, పేగులు, కార్జం లాంటివి అమ్మే కొట్లు విడిగా ఉంటాయి. ఆ సరుకును కాటలాన్‌లో 'చిన్నవి' అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. గాజు అద్దం వెనక ముదురు ఎరుపు రంగులో, తడిగా మెరుస్తూ కార్జం ముక్కలు, వాటి మీద గుచ్చిన చీటీపై 'గొర్రెపిల్ల ఫెడ్జె' అని ధర. ఎండాకాలం చివర్లో అయితే నాలుగడుగుల అవతల పళ్ల కొట్టులో ఊదారంగు ఫీగలు పేర్చి ఉంటాయి. కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ ఈ రెండు మాటలకు సంబంధం ఉందన్న ఊహే రాదు. మాట అంతగా అరిగిపోయింది.

## లాటిన్‌లో అసలు మాట వేరే

స్పానిష్, పోర్చుగీస్, గలీసియన్, కాటలాన్ అన్నీ లాటిన్ సంతానమే. మరి లాటిన్‌లో కాలేయాన్ని ఏమనేవారు? 'యెకుర్'. ఈ మాట వింటే మనకు ఏదో గుర్తుకు రావాలి. ఆయుర్వేదం చదివినవాళ్లు కాలేయాన్ని యకృత్తు అంటారు కదా. సంస్కృత యకృత్, లాటిన్ యెకుర్, గ్రీకు 'హేపర్' మూడూ ఒకే పాత మాట నుంచి విడిపోయిన అన్నదమ్ములని భాషా శాస్త్రవేత్తలు ఏనాడో తేల్చారు. విభక్తి మారితే మాట లోపల జరిగే మార్పు కూడా సంస్కృతంలోనూ లాటిన్‌లోనూ ఒకే రకంగా ఉంటుంది. సంస్కృతంలో 'యకృత్' కాస్తా 'యక్నః' అవుతుంది, లాటిన్‌లో 'యెకుర్' కాస్తా 'యెకినోరిస్' అవుతుంది. రెండుచోట్లా మాట మధ్యలో కొత్తగా న వస్తుంది. ఇలాంటి వింత రెండు భాషల్లో యాదృచ్ఛికంగా రాదు.

అంత పాత, అంత పెద్ద కుటుంబం ఉన్న మాట స్పెయిన్, పోర్చుగల్‌లలో జాడ లేకుండా పోయింది. దాని చోటులోకి వచ్చింది వంటింటి మాట.

## పెద్దబాతు, అంజీర, తేనె కలిపిన ద్రాక్షసారా

పక్షులకు బలవంతంగా మేత కుక్కి బలిపించడం రోమన్లు కనిపెట్టింది కాదు. ఈజిప్టులో సక్కారా సమాధుల గోడల మీద, నాలుగు వేల ఏళ్లకు పైబడ్డ చెక్కడాల్లో, మనుషులు పెద్దబాతుల మెడ పట్టుకుని నోట్లో మేత కుక్కుతూ కనిపిస్తారు. గ్రీకులు, రోమన్లు చేసిందల్లా ఆ మేతలో అంజీర పెట్టడం. ఎండు అంజీరలో బరువుకు దాదాపు సగం చక్కెరే. వలసపక్షి జాతి కాబట్టి దూరప్రయాణం కోసం కాలేయంలో కొవ్వు దాచుకునే గుణం పెద్దబాతుకు పుట్టుకతోనే ఉంది. దానికి చక్కెర దంచికొడితే కాలేయం ఉబ్బి, లేత రంగుకు మారి, వెన్నలా అవుతుంది. ఇవాళ డాక్టరు మనల్ని ఏది తగ్గించమంటున్నాడో, సరిగ్గా అదే ఆ పక్షికి ఏరికోరి పెట్టేవారన్నమాట.

గ్రీకులు ఈ పదార్థాన్ని 'హేపర్ సూకోతోన్' అన్నారు. హేపర్ అంటే కాలేయం, 'సూకోన్' అంటే అంజీర. మొత్తం కలిపితే 'అంజీర పట్టించిన కాలేయం'. రోమన్లు ఆ పేరును తమ భాషలోకి మాటకు మాట మార్చుకున్నారు. లాటిన్‌లో అంజీర 'ఫీకుస్', కాబట్టి 'యెకుర్ ఫీకాతుం'.

దీనికి రాతలో ఆధారాలు గట్టిగానే ఉన్నాయి. క్రీస్తుకు కొద్దికాలం ముందు కవి హొరేస్, ఒక డబ్బున్నవాడి విందును వెక్కిరిస్తూ, బలిసిన అంజీరలు మేసిన తెల్ల పెద్దబాతు కాలేయం వడ్డించారని రాశాడు. తర్వాతి శతాబ్దంలో ప్లినీ అనే రోమన్ రచయిత ఇంకా వివరంగా చెప్పాడు. పెద్దబాతు కాలేయాన్ని కోశాక పాలు, తేనె కలిపిన ద్రాక్షసారాలో నానబెడితే ఇంకా ఉబ్బుతుందట. ఈ గొప్ప పని మొదట చేసింది ఫలానావాడా, ఇంకొకడా అన్న వాదన కూడా అప్పట్లో నడిచిందట. అపీకియుస్ అనే భోజనప్రియుడు ఆడపందుల మీద కూడా ఇదే ఉపాయం ప్రయోగించాడనీ, ఎండు అంజీరలు మేపి, చివరికి తేనె ద్రాక్షసారా పట్టించి చంపేవారనీ ప్లినీయే చెప్పాడు. పంది కాలేయం దాకా వచ్చిందంటే 'ఫీకాతుం' అప్పటికే పెద్దబాతును దాటేసిందని అర్థం.

## విశేషణం మిగిలి, నామవాచకం పోయింది

ఇక్కడ మామూలుగా వచ్చే సందేహం: 'అంజీర పట్టించిన' అనేది విశేషణం కదా, అది కాలేయం అనే అర్థాన్ని ఎలా లాగేసుకుంది?

మన 'సెల్ ఫోన్' సంగతి చూడండి. 'నా సెల్ ఎక్కడ పెట్టాను' అంటాం. ఫోన్ అనే అసలు మాట రాలిపోయి, దాని రకాన్ని చెప్పే ముక్క మిగిలింది. 'మొబైల్' కూడా అంతే, దాని అసలు అర్థం 'కదిలేది' అని మాత్రమే. లాటిన్‌లో ఇది మాటిమాటికీ జరిగింది. 'ఫ్రాతెర్ గెర్మానుస్' అంటే ఒకే కడుపున పుట్టిన సొంత అన్నదమ్ముడు. సోదరుడు అనే అర్థమున్న ఫ్రాతెర్ పోయింది, 'సొంత' అనే అర్థమున్న గెర్మానుస్ మిగిలింది. స్పానిష్ 'ఎర్మానో', పోర్చుగీస్ 'ఇర్మావ్', కాటలాన్ 'జెర్మా' అలా వచ్చినవే. 'పర్షియా పండు' అనే జంటలో పండు పోయి పర్షియా మిగిలితే, అది పోర్చుగీసులో 'పేసెగు', కాటలాన్‌లో 'ప్రెసెక్' అయింది. రెండూ పీచ్ పండు పేర్లే. అచ్చులో పోసిన జున్నును లాటిన్‌లో 'అచ్చుది' అనే విశేషణంతో పిలిచేవారు, అదే కాటలాన్ 'ఫుర్మాజ్‌జె'. అలాగే యెకుర్ రాలిపోయి ఫీకాతుం మిగిలింది.

అయినా ఒక అభ్యంతరం ఉంది, తేలిగ్గా తీసిపారేసేది కాదు. అంజీర మేపిన పెద్దబాతు కాలేయం కోటీశ్వరుల తిండి. స్పెయిన్‌లో పొలం దున్నుకునేవాడు, పోర్చుగల్ కొండల్లో మేకలు కాచేవాడు జన్మలో దాన్ని చూసి ఉండడు. వాళ్ల నోట్లోకి ఈ మాట ఎలా దిగింది? కొందరు పండితులు చెప్పేదేమంటే, మాట దిగింది పెద్దల విందుల నుంచి కాదు, వంటవాళ్ల నుంచీ మాంసం కొట్ల నుంచీ. సరుకు గొప్పదని చెప్పడానికి మామూలు కార్జాన్ని కూడా 'ఫీకాతుం' అని అమ్మితే, కొన్నాళ్లకు ఆ గొప్ప పోయి ఉత్త పేరే మిగులుతుంది. ఇప్పుడు ప్రతి హోటల్ బోర్డు మీదా 'స్పెషల్' ఉన్నట్టే. ఇంకొందరు గ్రీకు వైపు చూపిస్తారు. అక్కడ కూడా సరిగ్గా ఇదే జరిగింది, నేటి గ్రీకులో కాలేయం మామూలు పేరు 'సికోతి', అంటే ఆ 'అంజీరది' అనే విశేషణమే. రోమ్‌లో వంటవాళ్లు చాలామంది గ్రీకు మాట్లాడేవాళ్లు కాబట్టి రెండు భాషల్లోనూ మార్పు కలిసే నడిచిందంటారు. నాకు ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు రావనిపిస్తుంది. ఒకటి మాట ఎవరి నోట పాకిందో చెబుతుంది, రెండోది ఎందుకు నిలదొక్కుకుందో చెబుతుంది. చివరికి లాటిన్ వైద్యగ్రంథాల్లోనే మనిషి కాలేయానికి కూడా ఫీకాతుం వాడడం మొదలైంది. వంటవాడి మాట వైద్యుడి పుస్తకంలోకి ఎక్కింది.

ఇదొక్క అవయవానికే పట్టిన గతి కూడా కాదు. స్పానిష్‌లో కాలు 'పియెర్నా', అది లాటిన్‌లో పంది తొడ మాంసం పేరు. నోరు 'బోకా', లాటిన్‌లో అది బుగ్గ. తుంటి 'కదేరా', లాటిన్‌లో కుర్చీ. ఒంటి భాగాల పేర్లు పండితులు పెట్టినవి తక్కువ, వీధిలో పుట్టినవే ఎక్కువ.

## ఫీకాతుం ఈగదో అయిన తీరు

శబ్దాల సంగతికి వద్దాం. లాటిన్ మాట స్పెయిన్‌లో అరిగిన పద్ధతికి కొన్ని నియమాలున్నాయి. రెండు అచ్చుల మధ్య క వస్తే గ అవుతుంది, త వస్తే ద అవుతుంది. స్నేహితుడు 'అమీకుస్' కాస్తా 'అమీగో', జీవితం 'వీత' కాస్తా 'వీద'. ఆ లెక్కన ఫీకాతు నుంచి ఫీగదు వస్తుంది. పోర్చుగీస్ వాళ్లు అక్కడే ఆగారు. స్పానిష్ ఇంకో అడుగు వేసింది, మాట మొదట్లో ఫ ఉంటే హ చేసింది, తర్వాత ఆ హ కూడా నోట్లోంచి పోయింది. పిండి 'ఫరీనా' కాస్తా 'అరీనా', కొడుకు 'ఫీలియు' కాస్తా 'ఈహో', అంజీర 'ఫీకు' కాస్తా 'ఈగో'. 1492లో నెబ్రీహా స్పానిష్‌కు వ్యాకరణం రాసేనాటికి ఆ హ ఇంకా వినిపించేది. ఇప్పుడు రాతలో మాత్రమే మిగిలింది.

మరి ఫ మీద ఎందుకంత కక్ష? దీని మీద వందేళ్లుగా వాదన నడుస్తోంది. రమోన్ మెనెందెస్ పిదాల్ అనే పెద్ద పండితుడు దీన్ని స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులో మాట్లాడే బాస్క్ భాష ప్రభావమన్నాడు. స్పానిష్ పుట్టిన కాస్తీయ ప్రాంతం బాస్క్ గడ్డను ఆనుకుని ఉంది, పాత బాస్క్‌లో ఫ శబ్దం లేదు. లాటిన్ 'ఫీకుస్' బాస్క్‌లో 'పికు' అయింది, బీచ్ చెట్టు 'ఫాగుస్' కాస్తా 'పాగో' అయింది. మన పల్లెల్లో 'పోను', 'కాపీ' అనేవాళ్లను గుర్తు తెచ్చుకుంటే ఇది వెంటనే అర్థమవుతుంది. బాస్క్‌కు అవతలి వైపు, ఫ్రాన్స్‌లో ఉన్న గాస్కన్ భాషలో కూడా ఫ కాస్తా హ అయింది. ఈ వాదానికి అది మంచి బలం.

కాదనేవాళ్ల దగ్గరా సరుకుంది. బాస్క్ ప్రభావం ఎక్కువగా ఉండాల్సింది ఉత్తర స్పెయిన్‌లోని నవర్రాలో, అక్కడ బాస్క్, లాటిన్ సంతతి భాష రెండూ పక్కపక్కనే బతికాయి. కానీ ఆ నవర్రా భాష ఫను నిలుపుకుంది. పైగా స్పానిష్‌లో కూడా ఫ అన్నిచోట్లా పోలేదు. నిప్పు 'ఫుయేగో', ఊటబావి 'ఫుయెంతె', నుదురు 'ఫ్రెంతె' హాయిగా ఫతోనే ఉన్నాయి. నిజంగా ఫ పలకలేనివాళ్లయితే వీటిని మాత్రం ఎలా పలికారు? కాబట్టి లాటిన్ ఫ తనంతట తానే రెండు పెదాల మధ్య ఊదే మెత్తటి శబ్దంగా మారి, కొన్ని అచ్చుల ముందు హలోకి జారిందని వీళ్ల మాట. ఇవాళ చాలామంది మధ్యస్థంగా నిలబడతారు: జారుడు లోపలే ఉంది, బాస్క్ ఇరుగుపొరుగు దాన్ని ముందుకు నెట్టి ఉండవచ్చు.

## అసలు ముడి: నొక్కి పలకడం ఎక్కడ?

పైన చెప్పిన లెక్కలో ఒక మోసం దాచాను, ఇప్పుడు బయటపెడతాను. లాటిన్‌లో 'ఫీకాతుం' పలికేటప్పుడు నొక్కేది 'కా' మీద. దీర్ఘం ఉన్న ఆ చోటే నియమం ప్రకారం బరువు. 'ప్రేమించబడిన' అనే అర్థమున్న 'అమాతుం' స్పానిష్‌లో 'అమాదో' అయినట్టే, ఇది 'ఇగాదో' కావాలి. కానీ కాలేదు. నొక్కు మొదటి అక్షరానికి దూకి 'ఈగదో' అయింది. పోర్చుగీస్, కాటలాన్, ఇటాలియన్ భాషల్లోనూ అంతే. నియమం పాటించిన బుద్ధిమంతులు వేరే ఉన్నారు. రుమేనియన్‌లో కాలేయం 'ఫికాత్', నొక్కు 'కా' మీదే. వెనిస్ వాళ్ల 'ఫిగా' కూడా అంతే.

ఈ దూకుడుకు కారణాలు రెండు మూడు చెబుతారు. మొదటిది, గ్రీకు ఊపు. గ్రీకు పేరును లాటిన్ నోళ్లు మొదటి అక్షరం మీద నొక్కి పలికాయనీ, ఆ పలుకుబడి ఫీకాతుంకు అంటిందనీ. రెండోది, పాత యెకుర్ వాసన. ఒకే వస్తువుకు రెండు పేర్లు చాలాకాలం కలిసి నడిస్తే ఒకదాని నడక ఇంకొకదానికి వస్తుంది, యెకుర్‌లో నొక్కు మొదటే కదా. మూడోది, అంజీర మాటే లాగిందని. ఫీకుస్‌లో నొక్కు 'ఫీ' మీద ఉంది కాబట్టి, ఈ రెండిటి చుట్టరికం తెలిసినవాళ్లు ఫీకాతుంలో కూడా అక్కడే నొక్కారని.

ఇక్కడ అస్తూరియా వాళ్ల 'ఫేగదు' పనికొస్తుంది. ఇటలీలో కూడా 'ఫేగతో'యే. ఈ 'ఏ' రావాలంటే మాట మొదట్లో పొట్టి 'ఇ' ఉండాలి. అంజీరలోని దీర్ఘ 'ఈ' అయితే 'ఈ'గానే మిగిలేది. అంటే ఫీకాతుంకు ఒక్క రూపం లేదు, కనీసం రెండు రూపాలు జనం నోట్లో తిరిగాయి. ఒకటి అంజీరను అంటిపెట్టుకుని 'ఈ' నిలుపుకుంది, ఇంకొకటి అంజీరను మరిచిపోయి 'ఏ' వైపు వెళ్లింది. అలా చూస్తే స్పానిష్, పోర్చుగీస్ రూపాలకు మూడో కారణం బాగా అతుకుతుంది, అస్తూరియా, ఇటలీ రూపాలకు అతకదు. ఏ ఒక్క కారణమూ అన్ని భాషలకూ సరిపోకపోవడమే ఈ ముడి ఇంకా విడిపోకపోవడానికి కారణం.

కాటలాన్ 'ఫెడ్జె' ఇంకో మలుపు తిరిగింది. అక్కడ క, త రెండూ చోట్లు మార్చుకున్నాయి: 'ఫేకతు' లాంటిది 'ఫేతికు' అయింది. మనం 'నవ్వులాట'ను 'నవ్వుటాల' చేసినట్టే, నాలుక తడబడి రెండు హల్లులు తారుమారు కావడం. అలా మారాక మిగతాది పద్ధతి ప్రకారమే జరిగింది. లాటిన్‌లో చివర 'తికు' ఉన్న మాటలు కాటలాన్‌లో 'జె' దారి పడతాయి. దారిఖర్చు అనే అర్థమున్న 'వియాతికు' అక్కడ ప్రయాణం అనే 'బియాజ్‌జె' అయింది, ఫేతికు 'ఫెడ్జె' అయింది. అంజీరకూ కార్జానికీ చుట్టరికం కాటలాన్‌లో పూర్తిగా కనుమరుగు కావడానికి ఇదే కారణం.

బాస్క్ మాత్రం ఈ గొడవలోకి రాలేదు. అది లాటిన్ బిడ్డ కాదు, అంజీర పేరు అరువు తెచ్చుకున్నా కాలేయం పేరు తనదే: 'గిబెల్'. అదే మాటకు వెనక, వీపు వైపు అనే అర్థం కూడా ఉంది. జిబ్రాల్టర్‌లో ఉన్న 'జిబ్' దీని చుట్టమేమో అనుకునేరు, అది కొండ అనే అర్థమున్న అరబ్బీ 'జబల్'.

## కార్జం ఉన్నవాడు, కార్జంలాంటి వాడు

అవయవం పేరు ఎప్పుడూ అవయవం దగ్గరే ఆగదు. స్పానిష్‌లో ఒకడికి 'ఈగదోస్' ఉన్నాయంటే వాడికి దమ్ముందని. గమనించండి, బహువచనం. మనిషికి కాలేయం ఒక్కటే అయినా ధైర్యం చెప్పేటప్పుడు అవి చాలా. మనమూ తక్కువ తినలేదు, ఒక్క గుండెతో 'గుండెలు తీసిన బంటు'ను తయారుచేశాం. 'మంచి ఖలేజా ఉన్నోడు' అనే మన వాడుక ఇంకా దగ్గరి చుట్టం. హిందీ, ఉర్దూల నుంచి వచ్చిన ఆ 'కలేజా', మనం పాఠ్యపుస్తకంలో చదివే 'కాలేయం' రెండూ సంస్కృత 'కాలేయ' నుంచి వచ్చినవే. ఒకటి తెల్ల కోటు వేసుకుంది, ఒకటి వీధిలో మీసం తిప్పింది.

'చెడ్డ ఈగదోస్' ఉన్నాయంటే మనసులో విషం ఉందని. పోర్చుగీసులోనూ 'చెడ్డ ఫీగదుష్' ఉన్నవాడు కోపిష్టి, పగ పట్టేవాడు. ప్రాణాంతక శత్రువును పోర్చుగీసులో 'ఫిగదాల్' శత్రువు అంటారు, అంటే కాలేయంలోంచి పుట్టిన పగ. దీని వెనక ఉన్నది గాలెన్ అనే గ్రీకు వైద్యుడి కాలం నాటి వైద్యం. ఒంట్లో నాలుగు ద్రవాలు ఉంటాయి, పసుపు పిత్తం ఎక్కువైతే కోపం. పిత్తం పుట్టేది కాలేయంలో. మనకు ఇది కొత్తేం కాదు, వాత పిత్త కఫాల పిత్తం నుంచే 'పైత్యం' వచ్చింది. కాకపోతే మన పైత్యం కోపం వైపు కాకుండా పిచ్చివేషాల వైపు తిరిగింది.

అదే లెక్కలో పోర్చుగీసు వాళ్లకు 'కాలేయపు అడ్డు తొలగించడం' అంటే కడుపారా నవ్వించడం. ద్రవం గడ్డకట్టి దారి మూసుకుపోతే మనిషి దిగాలుగా ఉంటాడు, నవ్వు దాన్ని తెరుస్తుంది. వైద్యం పోయింది, నవ్వు మిగిలింది.

ఒళ్లు హూనమయ్యేలా పనిచేస్తే స్పానిష్‌లో 'ఈగదోస్ బయటికి కక్కాడు' అంటారు. కాటలాన్ వాళ్లు ఆయాసపడుతూ 'నోట్లోంచి ఫెడ్జె బయటికి వచ్చింది' అంటారు. ఇక మెక్సికోలో 'వాడో ఈగదో' అన్నారంటే మెచ్చుకోలు అస్సలు కాదు. భరించలేని మనిషి, చూస్తేనే చిరాకు అని. ఒకే మాట స్పెయిన్‌లో బహువచనంలో వీరుణ్ణి చేస్తుంది, మెక్సికోలో ఏకవచనంలో జిడ్డుగాణ్ణి చేస్తుంది. కార్జం రుచి నచ్చని పిల్లలు ఏ దేశంలోనైనా ఉంటారు కాబట్టి ఆ రెండో అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు.

మొక్కల్లోకి కూడా వెళ్లింది మాట. మూడు తమ్మెలుగా చీలిన ఆకు ఉన్న చిన్న అడవిపూల మొక్కను కాటలాన్‌లో 'ఫెడ్జె మూలిక' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. ఆకు కాలేయం ఆకారంలో ఉంది కాబట్టి కాలేయానికి మందవుతుందని పాత నమ్మకం. చెట్ల మొదళ్ల దగ్గర పెరిగే, కోస్తే ఎర్రటి రసం కారే ఒక పుట్టగొడుగు పేరు 'ఎద్దు ఫెడ్జె'. దీనికి వైద్యం అక్కర్లేదు, చూస్తే చాలు పేరు తెలుస్తుంది.

## డాక్టర్లు వెనక్కి తెచ్చిన గ్రీకు

మన దగ్గర ఆదివారం మటన్ కొట్టులో 'అన్నా, కాస్త కార్జం వెయ్' అంటాం, ఆస్పత్రిలో 'లివర్' అంటాం, బడిలో కాలేయం, ఆయుర్వేదంలో యకృత్తు. నాలుగు గుమ్మాలకు నాలుగు పేర్లు. కొట్టులో లివర్ అన్నా నడుస్తుంది కానీ, 'మా నాన్నకు కార్జం పాడైంది' అని ఎవరూ అనరు. స్పానిష్, పోర్చుగీసుల్లో ఆ తెర లేదు. లిస్బన్‌లో పలచగా కోసి వేయించిన కార్జం ముక్కల కూరలో ఉన్నదీ, ఆస్పత్రి స్కానింగులో కనిపించేదీ ఒకే ఫీగదు.

అయితే డాక్టర్లు ఊరుకోలేదు. రోగాల పేర్లు, మందుల పేర్లు పెట్టాల్సి వచ్చినప్పుడు ఫీకాతుంను పక్కన పెట్టి గ్రీకు హేపర్‌ను తెచ్చుకున్నారు. అందుకే స్పానిష్‌లో అవయవం ఈగదో, దానికి వచ్చే జబ్బు ఎపతీతిస్, దాని విశేషణం ఎపాతికో. మనమూ కాలేయానికి 'హెపటైటిస్-బి' టీకా వేయించుకుంటున్నట్టే. యకృత్తుకు అన్నయ్య అయిన హేపర్ ఆ దారిన మన దాకా కూడా వచ్చేసింది. రోమన్ల యెకుర్ మాత్రం పాత మందుల సీసాల మీద మిగిలింది: కాడ్ చేప కాలేయపు నూనెను లాటిన్‌లో 'ఓలెయుం యెకోరిస్' అనే రాసేవారు. స్పెయిన్ ఇళ్లలో అదే సీసాను ఈగదో నూనె అనే పిలిచేవారు.

2023లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఫ్యాటీ లివర్ జబ్బుకు ఇంగ్లీషు పేరు మార్చాయి. 'ఫ్యాటీ' అనడం రోగిని కించపరిచినట్టుందన్నది ఒక కారణం. దాని బదులు 'స్టియాటోటిక్' అనే మాట పెట్టారు. గ్రీకులో 'స్టియార్' అంటే గడ్డకట్టిన కొవ్వు. స్పానిష్ మాట్లాడే డాక్టర్లు కూడా రిపోర్టులో గ్రీకు పేరే రాస్తున్నారు, రోగికి చెప్పేటప్పుడు మాత్రం ఈగదో గ్రాసో అనే అంటున్నారు.